గోనెసంచిలో వెళ్లిపోయిన కార్డు: విజయనగరంలో ఒక ఎక్స్‌టీ మరమ్మతు కేసు

పాత ఇనుప కొట్టు బాబాయ్ తెల్లారకుండానే ఫోన్ చేశాడు. "ఓపాలొచ్చి సూసుకో బాబూ. పాత కంపూటర్లు దిగినాయి. నీకొద్దంటే మాపటికల్లా సుత్తేసీస్తాను."

విజయనగరంలో కంప్యూటర్ సర్వీసు షాపు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. కడుపు నింపేది ల్యాప్‌టాప్ హింజులు, ప్రింటర్లు, సీసీ కెమెరాలు. పాత మెషీన్లు నా సొంత పిచ్చి. ఆ పిచ్చి సంగతి తెలిసి, సుత్తి ఎత్తే ముందు ఫోన్ చేసే స్క్రాప్ కొట్లు ఊళ్లో రెండున్నాయి. బాబాయ్‌ది అందులో ఒకటి.

సరుకు ఎప్పుడో మూతపడ్డ ఒక శిక్షణ కేంద్రం గోడౌన్‌ది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు పైకప్పు రేకులు లేచిపోయాయట. ఆ తర్వాత ఎవరో టార్పాలిన్ కప్పి, తాళం వేసి, మరిచిపోయారు. మొత్తం పదకొండు డబ్బాలు: ఏడు సీపీయూ బాక్సులు, రెండు మోనో మానిటర్లు, రెండు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు. తూకం 134 కేజీలు. కేజీ 38 చొప్పున 5,092 రూపాయలిచ్చి ఆటోలో వేయించాను. ఆ ఏడు సీపీయూల్లో ఒక్కటైనా బతికితే చాలనుకున్నాను. ఒక్కటే బతికింది. దాన్ని బతికించేటప్పుడు నేను చేసిన తప్పు గురించే ఇది రాస్తున్నాను.

పాతవి బతికాయి, కొత్తవి పోయాయి

ఏడు బాక్సుల్లో నాలుగు ఎక్స్‌టీ తరహా క్లోన్లు, అంటే ఐబీఎం ఎక్స్‌టీ అనే పాత పీసీకి నకళ్లు, 8088 ప్రాసెసర్‌వి. తర్వాతి తరాలవి రెండు 286లు, ఒకటి 386. ఐబీఎం ఎక్స్‌టీ వచ్చింది 1983లో, 286తో ఏటీ వచ్చింది 1984లో. మా షాపు కుర్రాడు ముందుగా 386 మీద చెయ్యేశాడు. కొత్తది కాబట్టి అదే బాగుంటుందని వాడి లెక్క. మూత తీసి, "అన్నా, ఇదేంటి నాచు పట్టింది" అన్నాడు.

అది నాచు కాదు. 286, 386 బోర్డుల మీద తేదీ, టైము, సెట్టింగులు గుర్తుపెట్టుకోవడానికి 3.6 వోల్టుల చిన్న పీపాలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే అది కారుతుంది. కారేది క్షారం. రాగి గీతల మీద పాకి, పచ్చగా నీలంగా పొంగి, చిప్పు కాళ్ల కిందికి దూరిపోతుంది. చివరికి బోర్డు రంధ్రాల లోపలి పూత కూడా తినేస్తుంది. మా గాలిలో తేమకి ఉప్పు కూడా తోడయ్యేసరికి ఈ పని ఇంకా జోరుగా సాగుతుంది. మూడు బోర్డులకీ వెనిగర్ పూసి బ్రష్‌తో రుద్ది, ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కడిగి చూశాను. రెండింటిలో కీబోర్డు కనెక్టర్ దగ్గరి గీతలు అసలు లేవు. మూడోదానిలో గీతలున్నాయి కానీ, వేలితో తాకితే పొట్టులా లేచి వచ్చాయి. మూడింటినీ స్క్రాప్ అని రాసేశాను. చిప్పులు మాత్రం పీకి దాచుకున్నాను.

ఎక్స్‌టీ బోర్డు మీద ఆ బ్యాటరీయే లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ మనమే టైపు చేసేవాళ్లం, గుర్తుందా? అప్పట్లో విసుక్కున్న ఆ లోటే ఇప్పుడు ఈ బోర్డుల్ని కాపాడింది. నాలుగు ఎక్స్‌టీల్లో రెండింటి చాసిస్ తుప్పుకి జల్లెడైపోయింది. మూడోదాని మదర్‌బోర్డు మధ్యలో చీలింది. దాని మీద ఎవరో నిలబడి ఉంటారు. నాలుగోది మాత్రం ధూళి తప్ప అంతా సరిగ్గానే ఉంది. దానికి ముందువైపు టర్బో బటన్, రెండు 360 కేబీ ఫ్లాపీ డ్రైవ్‌లు, లోపల సీగేట్ ఎస్‌టీ-225 హార్డ్ డిస్క్ ఉన్నాయి. దీన్ని నిలబెట్టి, మిగతా ఆరింటి భాగాలు దీనికే వాడదామనుకున్నాను.

సరిగ్గా అక్కడే పొరపాటు జరిగింది. షాపులో జాగా లేదు, వర్షం వచ్చేలా ఉంది, కుర్రాడు ఉత్సాహంగా ఉన్నాడు. "అన్ని బాక్సుల్లోంచీ కార్డులు పీకీ" అన్నాను. పీకేశాడు. నాలుగోదానిలోవి కూడా. గంటలో టేబుల్ మీద కార్డుల కుప్ప పడింది. మెమరీ కార్డులు, సీరియల్ పోర్టు కార్డులు, డిస్‌ప్లే కార్డులు, డిస్క్ కంట్రోలర్లు, ఏదేదో. చూడ్డానికి బాగున్నవి ఓ డజను పక్కన పెట్టాను. తుప్పు బ్రాకెట్లవి, పొడుగ్గా ఉన్న అడ్డదిడ్డం కార్డులు, పోయిన బోర్డులు, మిగతా డ్రైవ్‌లు అన్నీ గోనెసంచికెత్తి సాయంత్రం బాబాయ్‌కే తిరిగి అమ్మేశాను. కార్డులకీ బోర్డులకీ ఇనుము కంటే మంచి రేటు వస్తుంది, అంచున ఉండే బంగారు పూత వల్ల. పెట్టిన సొమ్ములో సగానికి పైగా ఆ సాయంత్రమే తిరిగొచ్చింది. సంతోషంగా ఇంటికెళ్లి పడుకున్నాను.

కరెంటు ఇవ్వడానికి రెండు రోజులు

ముప్పై ఏళ్లు నిద్రపోయిన ఎస్‌ఎంపీఎస్‌ని, అంటే మెషీన్‌కి కరెంటు ఇచ్చే డబ్బాని, నేరుగా మెయిన్స్‌కి పెట్టకూడదు. సిరీస్ బోర్డులో 100 వాట్ల బల్బు పెట్టాను. లోడు లేకపోతే ఈ పాత ఎస్‌ఎంపీఎస్‌లు సరిగ్గా మొదలవవు కాబట్టి, పనికిరాని ఒక డ్రైవ్‌ని, స్కూటర్ బల్బుని లోడుగా తగిలించాను. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి భగ్గుమని, వెంటనే మందగించింది. అలా మందగిస్తేనే మంచిది. 5 వోల్టులు, 12 వోల్టులు రెండూ సరిగ్గానే ఉన్నాయి.

బోర్డుకి తగిలించేసరికి మాత్రం టిక్, టిక్, టిక్. ఎక్కడో షార్టు ఉంటేనే ఎస్‌ఎంపీఎస్ ఇలా లేచి పడుకుంటుంది. బోర్డుకి కరెంటు తెచ్చే పీ8, పీ9 కనెక్టర్లు రెండూ సరిగ్గా గుచ్చానా అని మొదట అవే చూసుకున్నాను. నల్ల వైర్లు నల్ల వైర్ల పక్కన, మధ్యలో ఉండాలి. తారుమారైతే బోర్డు బూడిదే. అవి సరిగ్గానే ఉన్నాయి. మీటర్ పెడితే పసుపు వైరుకీ నల్ల వైరుకీ మధ్య దాదాపు సున్నా ఓములు చూపించింది. 12 వోల్టుల దారిలో శనగబద్దంత టాంటలం కెపాసిటర్లు మూడున్నాయి. ఒక్కొక్కదానికి ఒక కాలు లేపి చూస్తే రెండోది దొంగ. 16 వోల్టుల రేటింగ్‌ది తీసి 25 వోల్టులది వేశాను. 12 వోల్టుల దారిలో 16 రేటింగ్ టాంటలం వేయడం అప్పటి పిసినారితనం. అవి పేలినప్పుడు వచ్చే వాసన ఒకసారి చూసినవాడికి మళ్లీ ఆ పని చేయబుద్ధి కాదు.

ఈసారి బోర్డు లేచింది. 640 కేబీ మెమరీ లెక్క తెరమీద మెల్లగా ఎక్కింది. కీబోర్డు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కుర్రాడు కీబోర్డు పోయిందన్నాడు. వెనక్కి తిప్పి చూపించాను. అడుగున చిన్న స్విచ్చు, ఎక్స్ అని ఒకవైపు, ఏ అని ఇంకోవైపు. ఎక్స్‌టీకి, ఏటీకి కీబోర్డు మాట్లాడే భాష వేరు. ఎక్స్ వైపు జరిపాక పలికింది.

ఫ్లాపీ డ్రైవ్‌ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. హెడ్లు తుడిచాను, రైలు మీద ఎండిన గ్రీజు తీసి కొత్తది రాశాను. గోడౌన్‌లో దొరికిన ఫ్లాపీలన్నిటికీ బూజు పట్టి ఉంది. వాటిని డ్రైవ్‌లో పెడితే ఆ బూజు హెడ్‌కి అంటుతుంది. నా దగ్గర మెషీన్‌ని లేపే డాస్ 3.3 బూట్ ఫ్లాపీ మంచిది ఒకటుంది, 360 డ్రైవ్‌లోనే రాసింది. దానితో ఏ ప్రాంప్ట్ వచ్చేసింది, అంటే మెషీన్ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తోంది.

గుర్రం ఉంది, రౌతు లేడు

ఎస్‌టీ-225 అంటే పాత సర్వీసు వాళ్లకి చెప్పక్కర్లేదు. 615 సిలిండర్లు, 4 హెడ్లు, ట్రాక్‌కి 17 సెక్టార్లు, సెక్టార్‌కి 512 బైట్లు. గుణిస్తే 2 కోట్ల 14 లక్షల బైట్లు, మనం 20 ఎంబీ అనేవాళ్లం. తిరగడం మొదలెట్టాక వినిపించే ఆ కూత, ఆ తర్వాత హెడ్ అడుగులు వేసే టకటక. రెండూ వచ్చాయి. కుర్రాడు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు.

డిస్క్‌ని నడిపే కంట్రోలర్‌గా పక్కన దాచిన కార్డుల్లోంచి ఒకటి పెట్టాను. తెరమీద 1701 అని వచ్చింది. హార్డ్ డిస్క్ దగ్గర తేడా ఉందని దానర్థం. ఇంకో కార్డు మారిస్తే 1701 పోయింది కానీ, డిస్క్‌ని భాగాలు చేసే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాం తెరిస్తే "ఎర్రర్ రీడింగ్ ఫిక్స్‌డ్ డిస్క్" అంది. కుర్రాడు నెట్‌లో చూసి, "డీబగ్‌లో జీ=సీ800:5 కొడితే లో లెవల్ ఫార్మాట్ అవుతుందట అన్నా, కొట్టేద్దాం" అన్నాడు. నేనూ ఆ కమాండు టైపు చేశాను. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగాను.

ఎందుకు ఆగానో చెప్పాలి. ఇప్పటి డ్రైవ్‌లో దాని తెలివి దానిలోనే ఉంటుంది. ఆ రోజుల ఎంఎఫ్ఎం పద్ధతి డ్రైవ్, అంటే మన ఎస్‌టీ-225 లాంటిది, ఉట్టి గుర్రం. అడుగు ముందుకి వెయ్యి, వెనక్కి వెయ్యి అంటే వేస్తుంది. పళ్లెం మీద కనిపించే అయస్కాంత పలుకుల్ని అలాగే వైరు మీదికి పంపిస్తుంది. ఎక్కడ సెక్టార్ మొదలైంది, దాని నెంబరెంత, తప్పొప్పుల లెక్క ఏంటి, ఇవన్నీ కార్డు పని. 34 తీగల రిబ్బన్ మీద ఆజ్ఞలు, 20 తీగల రిబ్బన్ మీద డేటా. లో లెవల్ ఫార్మాట్ చేసినప్పుడు కార్డు తన పద్ధతిలో సెక్టార్లకి గుర్తులు రాసుకుంటుంది. ఇంకో కంపెనీ కార్డు పెడితే ఆ గుర్తులు చాలాసార్లు దానికి అర్థం కావు. డిస్క్ మీద డేటా ఉన్నా చదవలేదు. కాబట్టి నా డ్రైవ్ పాడవ్వలేదు. రౌతు మారాడు, అంతే. ఫార్మాట్ కొట్టి ఉంటే ఏముందో తెలియకుండానే తుడిచేసేవాణ్ణి.

అసలు రౌతు ఎక్కడ? మూత తీసే ముందు సరదాగా బాక్సు వెనక వైపు ఒక ఫోటో తీశాను. పెద్దది చేసి చూశాను. మూడో స్లాట్ దగ్గర బ్రాకెట్ మీద తుప్పు మరక, చాసిస్ మీది మరకకి కొనసాగింపుగా, నెలవంక ఆకారంలో ఉంది. ఇంట్లో ఉన్న ఏ కార్డు బ్రాకెట్‌కీ ఆ మరక లేదు. తుప్పు బ్రాకెట్లని నేనే ఏరి గోనెసంచిలో వేశాను మరి.

పొద్దున్నే కొట్టుకి పరిగెత్తాను. ఇద్దరు కుర్రాళ్లు నేల మీద కూర్చుని, రేకులు కత్తిరించే కత్తెరతో కార్డుల అంచులు టపటపా కోస్తున్నారు. బంగారు పళ్లు ఒక డబ్బాలో, మిగతా బోర్డు ఇంకో కుప్పలో.

"బాబాయ్, నిన్నటి సంచి?"

"నిన్ననే సగం కత్తిరించీసినాం బాబూ. ఇంకా ఓ గోనె ఉంది, అందులో సూడు. ఏటంత తొందర, బంగారమేటి అందులో?"

రెండో గోనెలో నెలవంక బ్రాకెట్ దొరికింది. కార్డు అంచు కోయలేదు, కానీ దాని మీది రోమ్ చిప్ (కార్డుని నడిపే ప్రోగ్రాం ఉండే చిప్) సాకెట్ ఖాళీగా ఉంది. సిరామిక్ ఒంటితో, నడిమిన గాజు కిటికీ ఉన్న చిప్పులకి వేరే రేటు. అందుకని ముందే పీకి పాలపొడి డబ్బాలో వేశారు. డబ్బా మొత్తం అడిగాను. బాబాయ్ నవ్వి, "టీ తాగి పట్టుకుపో" అన్నాడు. డబ్బుల మాట ఎత్తలేదు.

బయటికి వస్తుంటే కోసేసిన కుప్పలో ఒక పొడుగు కార్డు కనిపించింది. దాని మీద జిస్ట్ అని అచ్చేసి ఉంది. ఎక్కడో విన్న పేరు. డిస్‌ప్లే కార్డనుకుని సంచిలో వేసింది నేనే అని గుర్తొచ్చింది. ఎందుకో దాన్ని కూడా జోలెలో వేసుకున్నాను.

పాలపొడి డబ్బాలో కిటికీ చిప్పులు తొమ్మిదున్నాయి. స్టిక్కర్లు సగం ఊడిపోయాయి. ఏది ఈ కార్డుదో పై చూపుకి చెప్పలేం, కానీ చిప్పే చెబుతుంది. కార్డుల మీది రోమ్ అయితే మొదటి రెండు బైట్లు 55, ఏఏ అయి తీరాలి. బూటయ్యేటప్పుడు మెషీన్ వెతికేది ఆ గుర్తునే. మూడో బైటు ఆ రోమ్ పొడుగెంతో, 512 బైట్ల ముక్కల్లో చెబుతుంది. ఒక్కొక్కటీ చిప్పులు చదివే ప్రోగ్రామర్ యంత్రంలో పెట్టి చదివాను. ఏడింటికి ఆ తలకట్టు లేదు. రెండింటికి ఉంది. ఒకదానిలో అక్షరాలు చదివితే వీజీఏ అని వచ్చింది, అది డిస్‌ప్లే కార్డుది. మిగిలింది ఒక్కటి. స్టిక్కర్ లేక కిటికీ మీద ఎండ పడి ఉంటే బైట్లు చెరిగి ఉండొచ్చు. అందుకని బైట్లన్నీ కూడి చూశాను. ఇలాంటి రోమ్‌లో మొత్తం కూడితే చివరి రెండు అంకెలు హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో) సున్నా సున్నా రావాలి. వచ్చాయి. నకలొకటి దాచుకుని, కిటికీకి నల్ల టేపు వేసి, చిప్పుని సాకెట్లో కూర్చోబెట్టాను.

1701 రాలేదు. కూత, టకటక, ఒక క్షణం నిశ్శబ్దం. తర్వాత సీ ప్రాంప్ట్.

గీతలు, దిమ్మలు, ఫై గుర్తులు

డ్రైవ్ ఎంతసేపు బతుకుతుందో నమ్మకం లేదు. ముందు నకలు తీయాలి. ఫ్లాపీలతో అయితే డిస్క్ మొత్తానికి దాదాపు 60 కావాలి, అన్ని మంచి ఫ్లాపీలు ఎక్కడివి? సీరియల్ పోర్టు నుంచి ల్యాప్‌టాప్‌కి నల్ మోడెమ్ కేబుల్ వేసి, ఫైళ్లు పంపే కెర్మిట్ ప్రోగ్రాం పెట్టి, సెకనుకి 9600 బిట్ల వేగంతో పంపాను. అంటే సెకనుకి ఎక్కువలో ఎక్కువ 960 బైట్లు. డిస్క్‌లో వాడింది 96 లక్షల బైట్లు. కాగితం మీద రెండు గంటల 47 నిమిషాలు, నిజానికి నాలుగు గంటలు పట్టింది. మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ ఆదుకుంది.

డిస్క్ మీద డీబేస్ త్రీ ప్లస్ అనే డేటాబేస్ ప్రోగ్రాం ఉంది, స్టూడెంట్ అనే డేటాబేస్ ఫైలుంది. ఎక్స్‌టీలోనే తెరిచి లిస్ట్ కొట్టాను. ఫీజు అంకెలు చక్కగా ఉన్నాయి. పేరు, ఊరు గడుల్లో మాత్రం ముగ్గు గీతలు. జంట నిలువు గీతలు, జంట అడ్డ గీతలు, మూలలు, మధ్యమధ్య తెల్లటి నిండు దిమ్మలు, అక్కడక్కడా గ్రీకు ఫై. డిస్క్ చెడిపోయిందని కుర్రాడు దిగులుపడ్డాడు. చెడిపోయిన డేటా ఇంత పద్ధతిగా ఉండదు. ప్రతి వరుసలోనూ అవే గీతలు, అవే దిమ్మలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఆ ఫై ఎప్పుడూ రెండు గీతల మధ్యే ఉంది, పేరు మొదట ఎక్కడా లేదు.

అప్పుడు వెలిగింది. జిస్ట్!

ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, తర్వాత పూణేలోని ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్ చేతుల్లో పెరిగిన పద్ధతి అది. ఆ కార్డు పెడితే డాస్‌లో నడిచే మామూలు సాఫ్ట్‌వేర్‌లోనే తెలుగు, హిందీ, తమిళం టైపు చేయొచ్చు. అక్షరాలు నిల్వ ఉండేది ఇస్కీ అనే, మన భాషల అక్షరాలకి అంకెలిచ్చే కోడ్‌లో. 1991లో భారతీయ ప్రమాణం అయింది. అందులో భాష ఏదైనా అక్షరానికి ఒకటే అంకె. తెలుగు క 179, హిందీ క కూడా 179. క నుంచి హ దాకా హల్లులన్నీ 179 నుంచి 216 మధ్యలో పడతాయి. మామూలు పీసీ కార్డులో సరిగ్గా ఆ అంకెలకే పెట్టెలు గీసుకునే గీతలు కేటాయించారు. కార్డు ఉంటే తెలుగు, లేకపోతే ముగ్గు. విజయనగరం అని రాస్తే, జ 186 కాబట్టి జంట నిలువు గీతలు, య 205 కాబట్టి జంట అడ్డ గీతలు, వి మీది గుడి 219 కాబట్టి నిండు దిమ్మ. పొల్లు 232, అదే ఆ ఫై. పొల్లు మాట మొదట్లో రాదు కదా!

పట్టిక రాసుకుని, ఇస్కీని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం ల్యాప్‌టాప్‌లో రాశాను. మొదటి పరుగులోనే ఊళ్ల గడి తెలుగులో వచ్చింది: గుర్ల, గరివిడి, చీపురుపల్లి, జామి, శృంగవరపుకోట, నేల్లిమర్ల, డేంకాడ. చివరి రెండూ చూసి కుర్రాడు నవ్వాడు. వాడిది నెల్లిమర్ల. ఇస్కీలో 224 ఎత్వం, 225 ఏత్వం. నేను రెండింటికీ ఏత్వమే రాసేశాను. సరిచేశాక నెల్లిమర్ల నెల్లిమర్లయింది.

మొత్తం 412 మంది. కొన్ని వరుసల ముందు నక్షత్రం గుర్తుంది. డీబేస్‌లో డిలీట్ అంటే నక్షత్రం పెట్టడమే, ప్యాక్ కొట్టేదాకా మనిషి ఫైలులోనే ఉంటాడు. కోర్సు మధ్యలో మానేసిన వాళ్లై ఉంటారు. పేర్లు, ఇంటి చిరునామాలు ఉన్న ఫైలది. ఊళ్ల గడి తప్ప మిగతాది నా దగ్గర ఉంచుకోలేదు. గోనెసంచిలో వెళ్లిన మిగతా డ్రైవ్‌ల మీద ఏముందో, ఎవరి పేర్లున్నాయో చూడకుండానే అమ్మేశానని ఆ రాత్రి తట్టింది.

మానిటర్లు రెండింట్లో ఒకటి పనిచేస్తోంది, ఎక్స్‌టీకి అదే పెట్టాను. రెండోదాని ట్యూబు మెడ విరిగింది. దాన్నీ, మూడు నికెల్ కాడ్మియం బ్యాటరీలనీ కొట్టుకి ఇవ్వలేదు. కొట్లో అయితే మెడ చుట్టూ ఉన్న రాగి కోసం గాజు పగలగొడతారు, ఆ గాజులో సీసం ఉంటుంది. వైర్లని రాగి కోసం కాలువ గట్టున కాల్చడం అందరం చూస్తున్నదే. 2022 ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఇలాంటి సామాను నమోదైన రీసైక్లర్‌కే చేరాలి. విశాఖ దాకా మోయడానికి అయిన ఆటో ఖర్చు, నేను గొప్పగా సంపాదించాననుకున్న సొమ్ములో చాలా మింగేసింది. ప్రింటర్లు రెండూ రిబ్బన్లు మార్చగానే పనిచేశాయి. వాటికి చావు లేదు.

ఇక మిగిలింది జిస్ట్ కార్డు. అంచు కోసేసినా, కత్తెర బంగారు పళ్లకి పైనే పడింది కాబట్టి రాగి గీతలు నాలుగు మిల్లీమీటర్ల మేర మిగిలాయి. ఎక్స్‌టీ స్లాట్‌కి రెండు వైపులా 31 చొప్పున 62 పళ్లు. పనికిరాని సీరియల్ కార్డు నుంచి అంచుని నిలువునా కోసి, దీనికి ఎదురుగా ఎపాక్సీతో అతికించాను. ఇప్పుడు రెండింటి మధ్యా వెంట్రుకంత ఎనామెల్ తీగ, ఒక్కొక్కటి, భూతద్దం కింద. మొదటి వైపు 31 పూర్తయ్యాయి. మీటర్ పెడితే రెండు పక్కపక్క తీగలు కలిసిపోయి ఉన్నాయి, అవి విప్పి మళ్లీ వేశాను. రెండో వైపు తొమ్మిది అయ్యాయి. మిగతావి ఆదివారాలే, అదీ కరెంటుండి, చెయ్యి వణకని రోజున.